తొందరపడితే... దీవి అయిపోతుంది!

ఒకపక్క నీలిసముద్రం, మరోపక్క పచ్చని చెరకుతోటలు, నడుమ సన్నని తారురోడ్డు. దారిపొడవునా వేడివేడి దాల్‌పూరీలు, కారం అద్దిన అనాసముక్కలు. మారిషస్‌ చుట్టూ కారులో తిరగడానికి ఒక్కరోజు చాలు. కానీ అలా తిరిగినవారికి సముద్రం ఒక్కటే కనిపిస్తుంది. నాలుగు రోజులు తీరిగ్గా తిరిగినవారికి... ఆ సముద్రం దాటి వెళ్లిన మనవాళ్ల వంటిళ్లు కూడా కనిపిస్తాయి!

హిందూ మహాసముద్రంలో కోడిగుడ్డు ఆకారంలో ఉండే చిన్న దీవి మారిషస్‌. ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 65 కిలోమీటర్లు. తూర్పు నుంచి పడమరకు 45. విస్తీర్ణం 1,865 చదరపు కిలోమీటర్లు. అంటే, ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లాలో ఆరోవంతు! పొద్దున్నే బయల్దేరి గట్టిగా యాక్సిలరేటర్‌ తొక్కితే సాయంత్రానికి మొదలుపెట్టిన చోటికే వచ్చేయొచ్చు. చాలామంది పర్యాటకులు చేసే పొరపాటు కూడా అదే. ఈ దీవిని చూడ్డానికి కావాల్సింది వేగం కాదు, తీరిక.

మనవాళ్లకు ఇక్కడ కారు నడపడం పెద్ద కష్టమేం కాదు. స్టీరింగ్‌ కుడిపక్కనే, బండి నడిపేదీ మనలాగే ఎడమవైపే. ఇంగ్లిషువాళ్ల పాలన వదిలివెళ్లిన అలవాటది. ఇంటర్నేషనల్‌ డ్రైవింగ్‌ పర్మిట్‌ చేతిలో ఉంటే మంచిది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ఊళ్ల మధ్య రోడ్లు సన్నగా ఉంటాయి. రోడ్డు అంచుదాకా చెరకు పెరిగి ఉంటుంది. నరికే రోజుల్లో గడలు నిండుగా వేసుకున్న లారీలు నిదానంగా పోతుంటాయి. వాటి వెనకాల చిక్కుకున్నప్పుడు హారన్‌ కొట్టకుండా అద్దాలు దించుకుంటే సరి... పచ్చి చెరకు వాసన కారంతా నిండిపోతుంది.

మాయెబూర్‌లో మొదటి ముద్ద
విమానాశ్రయం దీవికి ఆగ్నేయమూలన ఉంటుంది. ముంబయి నుంచి ఆరుగంటలకు పైగా ప్రయాణం. దిగగానే గడియారాన్ని గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి. అక్కణ్నుంచి చాలామంది నేరుగా పడమర తీరంలోనో ఉత్తరాన గ్రాండ్‌ బేలోనో ఉన్న హోటళ్లకు పరుగుతీస్తారు. అలా వెళ్లకుండా, కూతవేటు దూరంలో ఉన్న మాయెబూర్‌ ఊళ్లోకి కారు తిప్పితే ప్రయాణం కమ్మగా మొదలవుతుంది. పాత ఫ్రెంచి గవర్నరు మాయె ద లా బూర్దొనె పేరు మీద వెలిసిన రేవు పట్నమిది. సోమవారం అయితే మరీ మంచిది. ఆరోజు ఇక్కడ పెద్ద సంత. కూరగాయలు, బట్టలు, బుట్టలు, పచ్చళ్లు... అచ్చం మన వారపు సంతే!

సంతలో పొద్దున్నే నూనె మరిగే చప్పుడు వినిపించిన చోటికి వెళ్లాలి. అక్కడ దొరికేవి 'గాతో పిమాఁ'. ఫ్రెంచిలో దానర్థం మిరపకాయ కేకు. పేరు విని కంగారుపడక్కర్లేదు. నానబెట్టిన పప్పును బరకగా రుబ్బి, పచ్చిమిర్చి, ఉల్లికాడలు, కొత్తిమీర కలిపి గుండ్రంగా నూనెలో వేయించిందే. ఒక్కటి కొరికితే చాలు, 'అరె, ఇది మన మసాలా వడే కదా' అనిపిస్తుంది. తినే పద్ధతి మాత్రం వేరు. గుండ్రటి ఫ్రెంచి బన్నును మధ్యకు చీల్చి, వెన్న రాసి, లోపల నాలుగైదు వడలు కుక్కి ఇస్తారు. ఫ్రెంచివాళ్ల రొట్టె, మనవాళ్ల వడ... రెండూ ఒకే కాగితంలో! మారిషస్‌ చరిత్రంతా ఆ పొట్లంలోనే ఉంది.

ఈ ఊళ్లోనే మరో రుచి ఉంది... కర్రపెండలం బిస్కెట్లు. సామర్లకోట చుట్టుపక్కల కర్రపెండలాన్ని సగ్గుబియ్యానికి వాడితే ఇక్కడ బిస్కెట్లు చేశారు. 1870లో మొదలైన ఒక కుటుంబం పని అది. దుంపను తురిమి, ఆరబెట్టి, జల్లించి, పిండిని అచ్చుల్లో పోసి వేడి పెనం మీద కాలుస్తారు. పొయ్యిలోకి ఎండిన చెరకు ఆకులే వంటచెరకు. ఈ చెరకు ఆకుల సంగతి కాస్త గుర్తుంచుకోండి. దీవి చుట్టూ తిరిగి మళ్లీ ఇక్కడికే వచ్చాక, వాటితో పని ఉంది.

పగడాల గోడ
మాయెబూర్‌కు దక్షిణాన బ్లూ బే. పేరుకు తగ్గట్టే నీలాల్లో ఎన్ని రకాలున్నాయో అన్నీ ఇక్కడే పోసినట్టుంటుంది. ఒడ్డున లేతాకుపచ్చ, కాస్త దూరాన నెమలికంఠం రంగు, ఆపైన ముదురు నీలం. ఇది రక్షిత సముద్ర ఉద్యానం. అడుగున అద్దం బిగించిన పడవలో కూర్చుంటే కాళ్లకింద పగడాలు, వాటి సందుల్లో చారల చేపలు కనిపిస్తాయి. మెదడు ఆకారంలో ఉండే పెద్ద పగడపు దిబ్బ పిల్లలకు భలే నచ్చుతుంది.

దీవి అందం రహస్యం కూడా ఈ నీళ్లలోనే ఉంది. మారిషస్‌ అగ్నిపర్వతాల నుంచి పుట్టిన నేల. దాని చుట్టూ దాదాపు పూర్తిగా పగడాల దిబ్బలు గోడకట్టినట్టు పెరిగాయి. మహాసముద్రపు పెద్ద పెద్ద అలలు ఆ గోడకు తగిలి అక్కడే విరిగిపోతాయి. దూరంగా తెల్లటి గీతలా కనిపించే నురగ అదే. గోడకు ఇవతల మిగిలేది నడుములోతు నీళ్ల మడుగు. దాన్నే లాగూన్‌ అంటారు. పసిపిల్లలు కూడా భయం లేకుండా ఆడుకునే నీళ్లు ఇవే. ఒడ్డున మెరిసే తెల్లటి ఇసుక కూడా చాలావరకు పగడాలు, గవ్వలు అరిగి అరిగి మిగిలిన పొడే!

ఆ గోడ లేకపోతే ఏమయ్యేది? దానికి జవాబు దక్షిణాన సుయాక్‌ ఊరి పక్కన 'గ్రీ గ్రీ'లో దొరుకుతుంది. అక్కడ పగడాల వరసకు గండి ఉంది. సముద్రం నేరుగా వచ్చి నల్లటి రాతికొండల్ని ఢీకొంటుంది. గాలి చెవుల్లో హోరెత్తిస్తుంది. కాస్త దూరం నడిస్తే 'ఏడ్చే రాయి' వస్తుంది. అల వచ్చి తాకి వెనక్కి వెళ్లినప్పుడల్లా దాని బండమీంచి నీళ్లు ధారలుగా కారతాయి, కన్నీళ్లలా. ఇక్కడ ఈత నిషేధం. పిల్లల చెయ్యి పట్టుకుని, గట్టుకు దూరంగా నిలబడి చూడాలి. అరగంట అక్కడ గడిపి వచ్చాక, మళ్లీ ప్రశాంతమైన లాగూన్‌ కనిపించినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

కొండ చెప్పే కథ
సుయాక్‌ నుంచి పడమరకు వెళ్లే తీరం రోడ్డు మారిషస్‌ మొత్తంలో అందమైన దారుల్లో ఒకటి. కొబ్బరిచెట్లు, చిన్న చిన్న రేకుల ఇళ్లు, ఇళ్ల ముందు మందారాలు, ఆరేసిన వలలు. 'బే ద్యు కాప్‌' దాటాక మాకోండె దగ్గర రోడ్డు ఒక నల్లటి రాతి చుట్టూ మెలిక తిరుగుతుంది. ఒకవైపు రాయి, మరోవైపు చెయ్యి చాపితే అందేటంత దగ్గర్లో సముద్రం. మలుపుకు కాస్త అవతల బండి పక్కకు ఆపి, మెట్లెక్కి పైనుంచి చూడాలి. రోడ్డు ఎవరో నీళ్ల మీద వదిలేసిన తాడులా ఉంటుంది.

కాసేపటికి నైరుతి మూలన ఒంటరిగా నిలబడిన కొండ కనిపిస్తుంది. పేరు 'లె మోర్న్‌'. ఎత్తు 556 మీటర్లు. మూడువైపులా లాగూన్‌. పోస్టుకార్డుల మీద బొమ్మగా కనిపించే ఈ కొండకు ఒక కన్నీటి కథ ఉంది. ఫ్రెంచివాళ్ల కాలంలో ఆఫ్రికా నుంచి, మడగాస్కర్‌ నుంచి బానిసల్ని తెచ్చి తోటల్లో పనిచేయించారు. తప్పించుకున్నవాళ్లు ఈ కొండ గుహల్లో, శిఖరం మీద తలదాచుకున్నారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. ఆ కబురు చెప్పడానికి సిపాయిలు కొండెక్కితే, తమను పట్టుకోవడానికే వస్తున్నారనుకుని పైనుంచి దూకేశారని ఇక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకొంటారు. ఆ కొండను 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఫిబ్రవరి 1 దేశమంతటికీ సెలవు.

ఆ బానిసలు వదిలి వెళ్లిన ఆస్తి ఒకటుంది. 'సెగా' పాట. మేకతోలు బిగించిన 'రావాన్‌' అనే పెద్ద పలకను వాయించే ముందు మంటదగ్గర పెట్టి కాస్తారు, తోలు బిగిసి గణగణలాడేందుకు. మన ఊళ్లలో డప్పు కాచడం చూసినవాళ్లకు వేరే చెప్పాలా! 2014లో ఈ సంప్రదాయ సెగాకు కూడా యునెస్కో గుర్తింపు దక్కింది.

సరుగుడు నీడలో ఆదివారం
లె మోర్న్‌ నుంచి ఉత్తరానికి తిరిగితే పడమర తీరం. గాలి తక్కువ, ఎండ ఎక్కువ. ఇటువైపు ఆదివారం వచ్చేలా ప్రయాణం వేసుకుంటే అసలు మారిషస్‌ కనిపిస్తుంది. ఫ్లిక్‌ ఆన్‌ ఫ్లాక్‌ లాంటి బీచ్‌లలో ఒడ్డు పొడవునా సరుగుడు చెట్లే. వాటిని ఇక్కడ 'ఫిలావ్‌' అంటారు. ఆ నీడన చాపలు పరుచుకుని కుటుంబాలకు కుటుంబాలే దిగిపోతాయి. తాత, నాన్నమ్మ, కోడళ్లు, మనవలు... వెంట బిర్యానీ గిన్నె, కూర గిన్నె, ఐసుపెట్టె. భోజనాలయ్యాక ఒకరు రావాన్‌ అందుకుంటారు. ఇంకొకరు పాట ఎత్తుకుంటారు. నాన్నమ్మ కూడా లేచి నాలుగు అడుగులు వేస్తుంది!

అక్కడే చక్రాల బండిమీద అనాసపండ్లు అమ్ముతుంటారు. ఇక్కడి విక్టోరియా రకం పండు చిన్నది, తీపి ఎక్కువ. తొక్క చెక్కి, కళ్లన్నీ పోయేలా మెలికల గాడి తీసి, తొడిమ పట్టుకుని ఐస్‌ఫ్రూట్‌లా తినేలా ఇస్తారు. అందులో ఉప్పు, కారం, చింతపండు కలిపి పూస్తారు. మామిడికాయ ముక్కల మీద ఉప్పుకారం చల్లుకునే మనవాళ్లకు రెండోది అడగాలనిపించడం ఖాయం.

పదహారు మెట్లు
మూడోరోజు రాజధాని పోర్ట్‌ లూయీ. ఇక్కడ కారును ఎక్కడైనా పెట్టేసి నడవడమే మేలు. సెంట్రల్‌ మార్కెట్‌లోకి అడుగుపెడితే ముందు దాహం తీర్చుకోవాలి. పాలు, సబ్జా గింజలు, సన్నగా తురిమిన అగర్‌ అగర్‌ కలిపిన చల్లటి 'అలూదా' పెద్ద గ్లాసులో ఇస్తారు. ఆ తర్వాత దాల్‌పూరీ. మారిషస్‌కు జాతీయ వంటకం ఏదని అడిగితే ఎవరైనా చెప్పే పేరిదే. పసుపు వేసి ఉడికించిన పప్పును పొడిలా చేసి, మైదాపిండి ముద్దలో పెట్టి, కాగితంలా పల్చగా వత్తి పెనం మీద కాలుస్తారు. బొబ్బట్టులో బెల్లం తీసేస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట! ఎప్పుడూ ఒకటి ఇవ్వరు. జతే. వాటిలో పెద్ద చిక్కుడుగింజల కూర, టమాటా 'రుగాయ్‌', కొత్తిమీర పచ్చడి, మిర్చి ముద్ద వేసి చుట్టి కాగితంలో పెట్టి ఇస్తారు. గుమస్తా, మంత్రి, బడిపిల్లాడు... ఎవరైనా నిలబడి తినాల్సిందే.

కడుపు నిండాక, సముద్రం వైపు పది నిమిషాలు నడిస్తే రాతి మెట్లు వస్తాయి. లెక్కపెడితే పదహారు. పక్కన పాత గోడలు, రాతి గదులు. హంగూ ఆర్భాటం ఏమీ ఉండదు. పేరు 'ఆప్రవాసీ ఘాట్‌'. ఒకప్పటి పేరు 'కూలీ ఘాట్‌'.

బానిసత్వం రద్దు కాబోతోందని తేలాక చెరకుతోటలకు మనుషులు కావాల్సివచ్చారు. ఇంగ్లిషు పాలకుల చూపు మన దేశం మీద పడింది. 1834 నవంబరు 2న 'అట్లాస్‌' ఓడలో కలకత్తా నుంచి మొదటి జట్టు వచ్చింది... 36 మంది. అయిదేళ్ల ఒప్పందం, నెలకు అయిదు రూపాయల జీతం. 1920 వరకూ అలా వచ్చినవాళ్లు దాదాపు అయిదు లక్షల మంది. బిహార్‌ నుంచి, మద్రాసు రాష్ట్రం నుంచి, మహారాష్ట్ర నుంచి... ఓడ దిగినవాళ్లు ఈ పదహారు మెట్లే ఎక్కారు. పేరు, వయసు, ఎత్తు, ఒంటిమీద పుట్టుమచ్చ, ఊరు... అన్నీ పెద్ద పుస్తకాల్లో రాసుకుని తోటలకు పంపేవారు. 2006లో యునెస్కో ఈ ఘాట్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. గోదావరి సముద్రంలో కలిసేచోట, కాకినాడకు దగ్గర్లో, కోరంగి అనే పెద్ద రేవు ఉండేది. 1839 నవంబరులో వచ్చిన తుపాను దాన్ని చావుదెబ్బ తీసింది. ఆ తర్వాత కొన్నేళ్లకే, 1843లో, 'కోరంగి ప్యాకెట్‌' అనే ఓడ తెలుగువాళ్లను మారిషస్‌ తీసుకొచ్చింది. అలా రేవు పేరే మనిషి పేరైంది. ఇక్కడి తెలుగువాళ్లను 'కోరంగీ'లు అనేవారు. తండ్రి పేరు గుమస్తా చేతిలో ఇంటిపేరుగా మారిపోయింది. అప్పయ్య, సీతన్న వంటి పేర్లు ఇంటిపేర్లుగా ఇప్పటికీ వినిపిస్తాయి. ఆనాటి పుస్తకాలు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. తాతల తాతలది ఏ జిల్లానో, ఏ ఊరో తెలుసుకోవాలని వచ్చేవాళ్లకు అవే ఆధారం.

వంటింట్లో మిగిలిన మాటలు
ఇక్కడి తెలుగువాళ్లలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడుకునేది క్రియోల్‌. నూటఎనభై ఏళ్లు, ఆరేడు తరాలు... మాట జారిపోయింది. కానీ ఉగాది పోలేదు. మారిషస్‌లో ఉగాది దేశమంతటికీ సెలవు. బడుల్లో తెలుగు నేర్చుకునే వీలుంది. సింహాద్రి అప్పన్నకు పూజలున్నాయి, అమ్మోరి పండగ ఉంది, రామభజనలున్నాయి. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు ఇక్కడే జరిగాయి. భాషను ఇలా పండగలూ బడులూ కాపాడుతుంటే, రుచిని కాపాడింది మాత్రం వంటిల్లు.

పోర్ట్‌ లూయీ కూరగాయల వరసల్లో ఊరికే నడిచినా ఆ సంగతి అర్థమవుతుంది. ఆకుకూరలన్నిటినీ 'బ్రెద్‌' అంటారు. 'బ్రెద్‌ మురూమ్‌' ఏమిటా అని చూస్తే... మునగాకు! తమిళుల 'మురుంగై' ఓడెక్కి వచ్చి 'మురూమ్‌' అయింది. బీరకాయ 'పిపెంగాయ్‌'. పచ్చడి 'సాతినీ'. కాకర, పొట్లకాయ, చేమదుంప, కరివేపాకు... ఏదీ తప్పిపోలేదు. మునగాకును నీళ్లలో అల్లం, వెల్లుల్లి వేసి పల్చగా మరిగిస్తే దాన్ని అన్నంలో కలుపుకొంటారు. చైనావాళ్లు తెచ్చిన నూడుల్స్‌, ఫ్రెంచివాళ్ల రొట్టె, ఆఫ్రికా పాట, బిహారు పూరీ, దక్షిణాది మునగాకు... ఎవరిది ఏదో విడదీయడం ఇక కుదరని పని.

గాలి వీచే తీరం
నాలుగోరోజు ఉత్తరానికి. దారిలో పాంప్లెమూస్‌ తోట చూడాలి. పళ్లెంలా అంచులు మడిచిన పెద్ద పెద్ద కలువాకులు పరుచుకున్న కొలను ముందు అందరూ ఫొటోలు దిగుతారు. కాస్త లోపలికి వెళ్తే శ్రీతాళ వృక్షాలుంటాయి. వీటి ఆకుల మీదే ఒకప్పుడు మన తాళపత్ర గ్రంథాలు రాశారు. ఎన్నో ఏళ్లు పెరిగి, బతుకులో ఒకేఒక్కసారి పూసి, ఆ తర్వాత ఎండిపోతుంది ఆ చెట్టు.

ఉత్తరపు కొసన 'కాప్‌ మాలురు'. పచ్చిక మీద తెల్లటి గోడలు, ఎర్రటి కప్పుతో చిన్న చర్చి. దాని వెనకాల నీలం, నీలంలో కోణంగా తేలే చిన్న దీవి. అక్కణ్నుంచి దక్షిణానికి తిరిగితే తూర్పు తీరం. ఆగ్నేయం నుంచి వీచే గాలి ఇటువైపే ముందుగా తగులుతుంది. అందుకే ఎండలోనూ చల్లగా ఉంటుంది. 'త్రూ దో దూస్‌' అనే పల్లె పేరుకు అర్థం 'మంచినీళ్ల గుంట'. సముద్రం ఒడ్డునే తియ్యటి నీళ్ల ఊట ఉండబట్టి ఆ పేరు. ఇక్కణ్నుంచి పడవలో 'ఇలో సెర్ఫ్‌' దీవికి వెళ్లొచ్చు.

మధ్యాహ్న భోజనం ఈ తీరంలోనే. చేప 'విందాయ్‌' అడగండి. వేయించిన చేపముక్కల్ని ఆవపిండి, పసుపు, వెల్లుల్లి, పచ్చిమిర్చి, వినెగర్‌తో కలిపి నానబెడతారు. కూరా కాదు, పచ్చడీ కాదు, రెండింటికీ నడుమ ఏదో. ఆవపెట్టిన కూరలు తిని పెరిగిన గోదావరి జిల్లాలవాళ్లకు ముక్కు పుటాల దాకా ఎక్కే ఆ ఘాటు కొత్తదేం కాదు.

అక్కడి నుంచి మాయెబూర్‌ వరకూ దారి సముద్రాన్ని వదలదు. ఒక్కో మలుపులో ఒక్కో చిన్న అఖాతం. నీళ్లలోకి వేళ్లు దించిన మడచెట్లు. కోరంగి మడ అడవులు చూసినవాళ్లకు ఎక్కడో చూసినట్టే ఉంటుంది. చెరకుచేలలో అక్కడక్కడ నల్లరాళ్ల గుట్టలు పిరమిడ్లలా కనిపిస్తాయి. అవి ఎవరో అందానికి పేర్చినవి కావు. అగ్నిపర్వతాల నేల కదా, నాటాలంటే ముందు రాళ్లు ఏరాలి. బానిసలు, ఆ తర్వాత మన కూలీలు ఒక్కొక్కటే ఏరి పోగేసిన రాళ్లవి.

'వ్యూ గ్రాండ్‌ పోర్ట్‌' దగ్గర 1598లో డచ్చివాళ్లు దిగారు. వాళ్ల యువరాజు మారిస్‌ పేరే దీవికి పెట్టారు. జావా నుంచి చెరకును తెచ్చిందీ వాళ్లే. ఎగరలేని డోడో పక్షి అప్పటికి ఇక్కడ హాయిగా తిరుగుతుండేది. మనిషి వచ్చాడు, వెంట పందులు, కోతులు, ఎలుకలు వచ్చాయి. నూరేళ్లు తిరక్కుండానే డోడో కనుమరుగైంది. ఇప్పుడది టీషర్టుల మీద, తాళంచెవుల గొలుసుల మీద మిగిలింది.

చెరకు ఆకులు కట్టిన గట్టు
సాయంత్రానికి మళ్లీ మాయెబూర్‌. నీళ్ల ఒడ్డున ఉన్న నడకదారిలో పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు. ముసలివాళ్లు గట్టుమీద కూర్చుని లాగూన్‌ కేసి చూస్తుంటారు. దూరంగా పగడాల గోడ దగ్గర తెల్లటి నురగ గీత.

2020 జులై 25న ఆ గోడను 'వకాషియో' అనే పెద్ద సరకుల ఓడ ఢీకొట్టి చిక్కుకుపోయింది. పన్నెండు రోజులకు, ఆగస్టు 6న, ఓడ పగిలి చమురు కారడం మొదలైంది. దాదాపు వెయ్యి టన్నుల నల్లటి చమురు నీళ్లలో కలిసింది. నీలం మడుగు నల్లబడింది. మడచెట్ల వేళ్లకు తారు పట్టింది. ముక్కుపుటాలు మండే వాసన. దగ్గర్లోనే బ్లూ బే పగడాలు, పక్కనే గులాబీరంగు పావురాలను, పెద్ద తాబేళ్లను కాపాడుకుంటున్న 'ఇలో జెగ్రెత్‌' దీవి. అప్పటికే కరోనాతో పర్యాటకులు లేరు. ఇప్పుడు చేపలవేటా ఆగిపోయింది.

చమురును ఆపాలంటే నీళ్లమీద తేలే అడ్డుకట్టలు కావాలి. అంత పొడవున అవి చేతిలో లేవు. అప్పుడు ఊళ్లకు ఊళ్లు ఈ నడకదారికే తరలివచ్చాయి. ఆడవాళ్లు, మగవాళ్లు, కాలేజీ పిల్లలు, జాలర్లు... వేలమంది. చెరకుచేల నుంచి ఎండిన ఆకులు ట్రాక్టర్లతో తెచ్చారు. గుడ్డ సంచుల్లో, వలల్లో కుక్కారు. తేలడానికి ఖాళీ ప్లాస్టిక్‌ సీసాలు కట్టారు. పొడవాటి గొట్టాల్లా కుట్టి, పడవలతో లాగి నీళ్లమీద గట్టు కట్టారు. జుట్టు చమురును పీలుస్తుందని తెలిసి, క్షౌరశాలల్లో జుట్టు కత్తిరించి ఇచ్చినవాళ్లూ ఉన్నారు. రాత్రీపగలూ పనిచేశారు. కులం, మతం, ఎవరి తాత ఏ ఓడలో వచ్చాడన్నది ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు.

అంతా ఆగిందని కాదు. కొంత చమురు తీరానికి చేరింది. మడ అడవుల్ని నెలల తరబడి శుభ్రం చేయాల్సివచ్చింది. కానీ ఆ ఆకుల గట్టు చాలా చమురును అక్కడికక్కడే పట్టి ఉంచింది. ఏ చెరకు కోసం బానిసల్ని, కూలీలను ఓడల్లో తెచ్చారో... ఆ చెరకు ఆకులతోనే వాళ్ల మనవలు ఈ సముద్రానికి అడ్డం నిలబడ్డారు.

పొద్దు వాలాక గట్టుపక్కన బండివాడు దీపం వెలిగిస్తాడు. నూనెలో గాతో పిమాఁలు చిటపటలాడతాయి. నాలుగు రోజుల కిందట ఇదే చోట మొదలైన ప్రయాణం. దీవి చుట్టూ తిరిగి రావడం అయిపోయింది. వేడివేడి వడలు పెట్టిన రొట్టె చేతికి తీసుకుని, గట్టుమీద కాసేపు కూర్చుంటే సరి. విమానానికి ఇంకా టైముంది.